బ్లాక్‌చెయిన్ ఉంటే కాగితాలు పారేయొచ్చా?

ప్రశ్న: 2022 జూలైలో గోదావరి వరదకి మా లంకలో ఇల్లు మునిగి, నాన్నగారి కిడ్నీ రిపోర్టులు, స్కానింగులు అన్నీ నానిపోయాయండి. పరీక్షలన్నీ మళ్లీ మొదటినుంచి చేయించాం. ఇప్పుడు చూపిస్తున్న ప్రైవేటు ఆసుపత్రివాళ్లు "మా రికార్డులు బ్లాక్‌చెయిన్‌లో ఉంటాయి, ఎవరూ హ్యాక్ చేయలేరు, ఇక కాగితాలు దాచుకోనక్కర్లేదు" అంటున్నారు. నమ్మొచ్చాండీ?
– ఒక పాఠకుడు, పి.గన్నవరం మండలం

జవాబు: కాగితాలు మాత్రం పారేయకండి. వాళ్లు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది గానీ మీ అవసరం వేరు.

బ్లాక్‌చెయిన్ అంటే ఒకే లెక్కల పుస్తకం నకళ్లు చాలా కంప్యూటర్లలో ఉండే పద్ధతి; అందులో రాతలు బ్లాకులనే కట్టలుగా ఒకదాని వెనక ఒకటి గొలుసులా చేరతాయి. మామూలుగా రిపోర్టుల్ని, స్కానింగుల్ని అందులోకి ఎక్కించరు. ఎక్కించకూడదు కూడా, ఎందుకంటే అక్కడ ఒకసారి రాసింది చెరపడం దాదాపు అసాధ్యం, ఒక మనిషి జబ్బు వివరాలు అలాంటి చోట పడితే ఇక వెనక్కి తీసుకోలేం. అసలు రిపోర్టు ఆసుపత్రి సర్వర్లోనే ఉంటుంది, దాన్నుంచి లెక్కగట్టిన హ్యాష్ అనే చిన్న గుర్తు మాత్రం బ్లాకులోకి వెళ్తుంది. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 4.1ని ఎవరైనా 1.4గా దిద్దారనుకోండి, హ్యాష్ పూర్తిగా మారిపోతుంది, పైగా ప్రతి బ్లాకులోనూ ముందు బ్లాకు హ్యాష్ ఉంటుంది కాబట్టి పాత తేదీతో దొంగ రిపోర్టు దూర్చితే దొరికిపోతారు. ఇన్సూరెన్సు తగాదాల్లో ఇది చాలా పనికొస్తుంది. కానీ చీటీ పాట లెక్క సభ్యులందరి పుస్తకాల్లోనూ ఉంటేనే ఒకరు దిద్దడం కష్టం, ఇదీ అంతే; ఆ బ్లాక్‌చెయిన్ నకళ్లన్నీ ఒక్క ఆసుపత్రి చేతిలోనే ఉంటే దానికి అంత బలం లేదు. ఈ మాట వాళ్లని సూటిగా అడగండి.

మరి సర్వరే పోతే? హ్యాష్‌లోంచి రిపోర్టు తిరిగి రాదండి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు సైబర్ దాడికి ఆగిపోతే రోజుల తరబడి కాగితాల మీదే పని నడిపారు. అలాంటప్పుడు ఆదుకునేది వేరేచోట ఉన్న బ్యాకప్పే. సిబ్బంది పాస్‌వర్డ్ బయటికి పొక్కితే చూసేవాళ్లని బ్లాక్‌చెయిన్ ఆపదు, మొదట్లోనే బ్లడ్ గ్రూపు తప్పు రాస్తే ఆ తప్పునే భద్రంగా దాస్తుంది.

ఎస్టోనియా దేశంలో ఇలాంటి పద్ధతినే తెలివిగా వాడారు. రోగి ఫైలు ఎవరు తెరిచారో రాసే చిట్టాని ఎవరూ మార్చకుండా కాపాడుకున్నారు, తన ఫైలు ఎవరెవరు చూశారో రోగి తానే ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. మన ఆసుపత్రుల్నీ మనం అడగాల్సింది ఇదే అని నా గట్టి అభిప్రాయం.

మీరైతే నాన్నగారికి ఆభా నంబరు, అంటే ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు, తీయించండి. అందులో రికార్డులు ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రిలోనే ఉంటాయి, మీరు ఒప్పుకుంటేనే వేరే డాక్టరుకి కనిపిస్తాయి, ఇచ్చిన అనుమతిని వెనక్కీ తీసుకోవచ్చు. ప్రతి రిపోర్టు పీడీఎఫ్ అడిగి తీసుకుని డిజిలాకర్‌లో ఒకటి, వరద రాని ఊళ్లో ఉన్న చుట్టాల ఫోన్లో ఒకటి ఉంచండి. వాడుతున్న మందుల చీటీ, చివరి క్రియాటినిన్ రిపోర్టు జిప్ కవర్లో పెట్టి, ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు ఆధార్ కార్డులతో పాటు పట్టుకెళ్లేలా ఒకేచోట ఉంచుకోండి.