అప్‌గ్రేడ్ రాత్రికి వారం ముందే కెర్నెల్ పని

చిరంజీవికి,

నువ్వు పంపిన ఒరాకిల్ డేటాబేస్ అప్‌గ్రేడ్ ప్రణాళికను రెండుసార్లు చదివాను. బ్యాకప్, వెనక్కి మళ్లే దారి, అప్లికేషన్ బృందానికి ముందుగా చెప్పాల్సిన సంగతులు అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. నా అభ్యంతరమల్లా మొదటి వరుస మీదే. శనివారం రాత్రి పది గంటలకు "కెర్నెల్ పారామీటర్లు మార్చి రీబూట్ చేయడం, 15 నిమిషాలు" అని రాశావు. కెర్నెల్ అంటే మెమరీ లాంటివాటిని ప్రోగ్రాములకు పంచిపెట్టే ఆపరేటింగ్ సిస్టమ్ గుండె, పారామీటర్లు దానికి మనం పెట్టే సెట్టింగులు. ఆ వరుసను అక్కడి నుంచి తీసేయి. ఆ పని కనీసం వారం ముందు, పాత వెర్షన్ నడుస్తున్న రోజుల్లోనే, దానికంటూ వేరే సమయం అడిగి తీసుకుని చేయాలి. ఒకే రాత్రి కెర్నెల్‌నూ డేటాబేస్‌నూ కలిపి మారిస్తే, తెల్లవారుజామున మూడింటికి ఇన్‌స్టెన్స్ (నడిచే డేటాబేస్) లేవనని మొరాయించినప్పుడు తప్పు ఏ మార్పుదో తేల్చుకునే ఆధారం నీ దగ్గర ఉండదు. అదే పాత వెర్షన్ కొత్త సెట్టింగులతో వారం రోజులు, మధ్యలో ఒక పూర్తి బ్యాకప్, ఒక పెద్ద బ్యాచ్ కలిసొచ్చేలా నడిచిందంటే, అప్‌గ్రేడ్ రాత్రి అనుమానించాల్సిన వాటి జాబితాలోంచి కెర్నెల్‌ను కొట్టేయవచ్చు.

ఇక ఆ 15 నిమిషాల లెక్క ఎందుకు తప్పో చెప్పడానికి నేను చేసిన పొరపాటే చెబుతాను. చాలా ఏళ్ల కిందటి మాట. పాత ఇన్‌స్టెన్స్‌కు 12 జీబీ షేర్డ్ మెమరీ, అంటే దాని ప్రాసెస్‌లన్నీ కలిసి వాడుకునే మెమరీ, ఉండేది. కొత్త వెర్షన్‌కు 20 జీబీ ఇద్దామని, ఒక్క షేర్డ్ మెమరీ ముక్క ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పే షమ్‌మ్యాక్స్ పెంచాను. మొత్తం షేర్డ్ మెమరీకి హద్దు పెట్టే షమ్‌ఆల్ వైపు చూస్తే అక్కడ 4194304 అని ఉంది. అంత పెద్ద అంకె ఉన్నప్పుడు ఇంకేం కావాలనుకుని వదిలేశాను. షమ్‌మ్యాక్స్‌కు కొలత బైట్లు, షమ్‌ఆల్‌కు కొలత పేజీలు, అంటే కెర్నెల్ మెమరీని పంచే చిన్న ముక్కలు. పేజీకి 4096 బైట్ల చొప్పున ఆ అంకె సరిగ్గా 16 జీబీ. 20 జీబీ అడిగిన ఇన్‌స్టెన్స్ లేవలేదు సరికదా, "డివైస్‌లో ఖాళీ లేదు" అనే సందేశం ఒకటి ముఖాన కొట్టింది. ఆ మాట నమ్మి నేనూ, నాతో ఉన్న సహోద్యోగీ గంటన్నర పాటు డిస్కులన్నీ వెతికాం, పాత లాగ్ ఫైళ్లు చెరిపేశాం, చివరికి సగానికి పైగా ఖాళీగా ఉన్న డిస్కును చూస్తూ తలలు పట్టుకున్నాం. మొత్తం షేర్డ్ మెమరీ పరిమితి దాటినా, సెమాఫోర్లు (ప్రాసెస్‌లు వంతులు పాటించడానికి వాడే గుర్తులు) అయిపోయినా కెర్నెల్ తిప్పిపంపే సంకేతం అదేనని ఆ రాత్రే తెలుసుకున్నాను. నీకు ఆ సందేశం ఎప్పుడైనా ఎదురైతే డిస్కు కంటే ముందు, షేర్డ్ మెమరీ, సెమాఫోర్ల వాడకం చూపే ఐపీసీఎస్ ఆదేశం ఇచ్చి చూడు.

అందుకే ఏ పారామీటర్ ముట్టుకున్నా దాని కొలత ఏమిటో పక్కనే రాసుకో. షమ్‌మ్యాక్స్ బైట్లలో, షమ్‌ఆల్ పేజీల్లో, లాక్ చేయదగ్గ మెమరీని చెప్పే మెమ్‌లాక్ కేబీలలో ఉంటాయి. మూడూ మెమరీ గురించే అయినా మూడింటికీ మూడు కొలతలు.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. 2014లో వచ్చిన 3.16 కెర్నెల్ నుంచి లినక్స్‌లో షమ్‌మ్యాక్స్, షమ్‌ఆల్‌ల సహజ విలువలు అందుకోలేనంత పెద్దవి. అంటే ఆచరణలో పరిమితి లేనట్టే. పాత సర్వర్‌లోని సెట్టింగుల ఫైల్‌ను కొత్త సర్వర్‌కు యథాతథంగా కాపీ చేసేవాళ్లు తాము పెంచుతున్నామనుకుంటూ నిజానికి తగ్గిస్తుంటారు. డేటాబేస్ తయారీదారు పత్రంలో ఉండే అంకెలు చాలావరకు కనీస విలువలు. ఇప్పటికే ఉన్నది అంతకంటే ఎక్కువైతే దాన్ని అలాగే ఉండనివ్వాలి.

సెమాఫోర్ల వరుసలో నాలుగు అంకెలుంటాయి. ఒరాకిల్ పత్రాల్లో నువ్వు చూసేది 250, 32000, 100, 128. మొదటిది ఒక సెట్‌లో ఉండగల సెమాఫోర్లు, రెండోది సర్వర్ మొత్తానికి, మూడోది ఒక్క పిలుపులో చేయగల ఆపరేషన్లు, నాలుగోది సెట్ల సంఖ్య. 250ని 128తో హెచ్చిస్తే 32000 వస్తుంది. ఒకటి పెంచి మిగతాది మరిచిపోయామా అని తనిఖీ చేయడానికి ఆ గుణకారం చాలు. ఎసింక్రనస్ ఐఓ (పూర్తయ్యేదాకా ఆగకుండా డిస్కుకు పంపే పనులు) పరిమితి 1048576 కూడా ఒక ఇన్‌స్టెన్స్‌కు సాధారణంగా సరిపోతుంది గానీ, పరీక్ష కోసం పాతదీ కొత్తదీ ఒకే సర్వర్‌పై పక్కపక్కన నడుపుతానని రాశావు కనుక, రెండూ నడుస్తుండగా వాడకం ఎంతకు చేరుతోందో కెర్నెల్ తన స్థితిని చూపే ప్రాక్ డైరెక్టరీ కింద ఉండే ఏఐఓ-ఎన్ఆర్ ఫైల్‌లో చూసి ఆ మీదట పరిమితి నిర్ణయించు.

నువ్వు ఎక్కువ సమయం పెట్టాల్సింది హ్యూజ్ పేజీల మీద, అంటే మామూలు 4 కేబీకి బదులు 2 ఎంబీ ఉండే పెద్ద పేజీల మీద. నీ సర్వర్‌లో 128 జీబీ మెమరీ, 64 జీబీ ఎస్‌జీఏ (ఒరాకిల్ వాడే షేర్డ్ మెమరీ), 500 కనెక్షన్లు అన్నావు. 4 కేబీ పేజీలతో 64 జీబీ అంటే 1,67,77,216 పేజీలు. ఒక్కో పేజీకి, అది మెమరీలో ఎక్కడుందో చెప్పే పేజీ టేబుల్‌లో 8 బైట్ల నమోదు ఉంటుంది కనుక, ఎస్‌జీఏ అంతటినీ తాకిన ఒక్కో ప్రాసెస్‌కు 128 ఎంబీ టేబులే అవుతుంది. 500 ప్రాసెస్‌లు అలా తాకితే 62 జీబీ పైచిలుకు, అంటే ఇంచుమించు ఇంకో ఎస్‌జీఏ అంత మెమరీ, ఎస్‌జీఏ ఎక్కడుందో గుర్తు పెట్టుకోవడానికే ఖర్చవుతుంది. అందరూ అంతటినీ తాకరు, నిజమే. కానీ రోజులు గడిచేకొద్దీ ఆ దిశగానే పెరుగుతుంది, స్వాప్ (మెమరీ చాలక డిస్కుకు తరలించడం) మొదలైన రోజున ఎవరికీ కారణం అంతుపట్టదు. 2 ఎంబీ పేజీలు పెట్టుకుంటే అదే ఎస్‌జీఏకు 32,768 పేజీలు చాలు. ప్రాసెస్‌కు 256 కేబీ, 500 మందికి కలిపినా 125 ఎంబీ. ఇప్పుడు నీ సర్వర్‌లో ఎంత పోతోందో తెలియాలంటే, రద్దీ వేళ ప్రాక్ కిందే ఉండే మెమ్‌ఇన్ఫో ఫైల్‌లో పేజ్‌టేబుల్స్ వరుస చూడు. మార్పుకు ముందు ఆ అంకె, తర్వాతి అంకె రెండూ రాసిపెట్టుకుంటే, ఈ పని ఎందుకు చేశావని పైవాళ్లు అడిగినప్పుడు వేరే వివరణ అక్కర్లేదు.

అయితే హ్యూజ్ పేజీలంటే విడిగా తీసి పక్కన పెట్టిన మెమరీ. డేటాబేస్ వాడుకోకపోయినా ఇంకెవరికీ దక్కదు, స్వాప్‌కూ వెళ్లదు. లెక్క కొంచెం తక్కువైతే, సెట్టింగును బట్టి ఎస్‌జీఏ మామూలు పేజీలకు జారుకుంటుంది, పక్కన పెట్టినది వృథాగా పడి ఉండే ప్రమాదం ఉంటుంది. ఒరాకిల్‌లో యూజ్ లార్జ్ పేజెస్ విలువను "ఓన్లీ" అని పెట్టమంటాను. సరిపోకపోతే ఇన్‌స్టెన్స్ లేవదు, కానీ మౌనంగా నెమ్మదించడం కంటే అదే మేలు. మెమరీ టార్గెట్‌తో నడిచే ఆటోమేటిక్ మెమరీ మేనేజ్‌మెంట్‌కూ హ్యూజ్ పేజీలకూ పొసగదు, కాబట్టి అది ఉంటే ముందు ఎస్‌జీఏ టార్గెట్‌కు మారాలి. మెమ్‌లాక్ పరిమితి ఎస్‌జీఏ కంటే ఎక్కువ ఉండాలి. 64 జీబీ అంటే 67108864 కేబీ, దానిపైన కొంత. పేరులో పోలిక ఉన్నా ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు వేరే సంగతి. వెనకాల కూర్చుని చిన్న పేజీలను పోగుచేసే ఆ యంత్రాంగం డేటాబేస్‌కు అప్పుడప్పుడు కుదుపులు తెస్తుంది కనుక, బూట్ వరుసలోనే "నెవర్" అని పెట్టించు.

నడుస్తున్న సర్వర్‌పై హ్యూజ్ పేజీల సంఖ్య పెంచమంటే కెర్నెల్ దోషం చూపకుండానే అడిగినదానిలో కొంతే ఇచ్చి ఊరుకోవచ్చు. మెమరీ ముక్కలుగా చెదిరిపోయి ఉంటే 2 ఎంబీల వరుస జాగా దొరకదు మరి. ఆదేశం విజయవంతమైందని సంతోషించక, మెమ్‌ఇన్ఫోలో మొత్తం ఎంత చూపుతోందో చదువు. రీబూట్ తర్వాత మళ్లీ చదువు. రీబూట్ లేకుండా ఈ పని పూర్తయిందని నేను ఒప్పుకోను.

రీబూట్ బయటపెట్టే గుట్టు ఇంకోటి ఉంది. లిమిట్స్ ఫైల్‌లో నువ్వు రాసే పరిమితులు లాగిన్ అయిన యూజర్‌కు వర్తిస్తాయి. సర్వర్ బూట్ అయ్యేటప్పుడు సిస్టమ్‌డీ లేపే సర్వీసుకు వర్తించవు, వాటిని సర్వీస్ యూనిట్‌లోనే రాయాలి. నువ్వు లాగిన్ అయి చేత్తో లేపినప్పుడు చక్కగా నడిచిన డేటాబేస్, రీబూట్ తర్వాత తనంతట తాను లేచినప్పుడు 1024 ఫైళ్ల పరిమితితో కుంటుతూ ఉండవచ్చు. యూలిమిట్ ఆదేశం నీ పరిమితులను చెబుతుందే గానీ డేటాబేస్‌వి కాదు. నడుస్తున్న ప్రాసెస్ నంబర్ పట్టుకుని, ప్రాక్ కింద దాని లిమిట్స్ ఫైల్ చదువు. నిజం అక్కడే ఉంటుంది.

కెర్నెల్ పారామీటర్లు రాసిపెట్టే సిస్‌సీటీఎల్ ఫైళ్లూ అలాంటివే. అవి ఒక్కచోట ఉండవు. పేర్ల అక్షరక్రమంలో చదవబడతాయి, చివర వచ్చిన విలువ నిలుస్తుంది. ఎవరో ఎప్పుడో వదిలేసిన ఫైల్ ఒకటి నీ ఫైల్ తర్వాత చదవబడితే నీ శ్రమ వృథా. సర్వర్ సెట్టింగులను తనంతట సర్దే ట్యూన్‌డీ ప్రొఫైల్ నడుస్తుంటే అది కూడా కొన్ని విలువలను తనకు తోచినట్టు మారుస్తుంది. నీ విలువలన్నీ ఒకే ఫైల్‌లో పెట్టి, ప్రతి వరుస పైన తేదీ, కారణం వ్యాఖ్యగా రాయి.

నువ్వు పట్టించుకోనక్కర్లేనివీ ఉన్నాయి. స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే స్వాపినెస్ సహజంగా 60 ఉంటుంది, 10కి దించి వదిలెయ్. నెట్‌వర్క్ బఫర్లు పత్రంలో చెప్పినట్టు పెట్టు. లోకల్ పోర్టుల శ్రేణిని 9000 నుంచి 65500 వరకు పెట్టమంటారు, పెట్టు. కాకపోతే ఆ మధ్యలో ఏ అప్లికేషన్‌కైనా స్థిరమైన పోర్టు ఉంటే దాన్ని రిజర్వ్ చేసిన పోర్టుల జాబితాలో చేర్చు.

నీ రెండో సర్వర్‌లో ఉన్నది పోస్ట్‌గ్రెస్ అనే వేరే డేటాబేస్ కనుక అక్కడ షమ్‌మ్యాక్స్ గోల దాదాపు లేదు. 2013 నాటి 9.3 వెర్షన్ నుంచి అది ప్రధాన షేర్డ్ మెమరీని వేరే మార్గంలో తీసుకుంటోంది. ఎన్ని హ్యూజ్ పేజీలు కావాలో 15వ వెర్షన్ నుంచి అదే లెక్కగట్టి చెబుతుంది. అక్కడ చూడాల్సినవి రెండు. యూజర్ లాగౌట్ కాగానే అతని షేర్డ్ మెమరీని తుడిచేసే రిమూవ్‌ఐపీసీ "నో" అని ఉండాలి. ఉన్నదానికి మించి మెమరీ ఇస్తానని కెర్నెల్ ఒప్పుకోవాలా వద్దా చెప్పే ఓవర్‌కమిట్‌ను 2 చేస్తే, కెర్నెల్ ఒప్పుకునే మెమరీ లెక్కలోంచి హ్యూజ్ పేజీలు పోగా మిగిలినదానిలో సహజంగా సగమే, దానికి తోడు స్వాప్, మాత్రమే దక్కుతుందని గుర్తుంచుకుని ఆ నిష్పత్తిని కూడా సరిచేయి.

ఈ వారం చేయాల్సింది ఇది. ఏమీ ముట్టుకోకముందే సిస్‌సీటీఎల్ విలువలన్నీ ఒక ఫైల్‌లోకి తీసిపెట్టు. మార్పులు చేసి, రీబూట్ చేసి, డేటాబేస్‌ను తనంతట తానే లేవనిచ్చి, మళ్లీ అన్నీ ఇంకో ఫైల్‌లోకి తీసి రెండింటినీ పోల్చు. తేడాలో నువ్వు మార్చిన వరుసలన్నీ కనిపించాలి. నువ్వు మార్చనిది ఏదైనా కనిపిస్తే, అది రీబూట్‌తో తనంతట మారే లెక్కింపు విలువో, ఎవరో చేత్తో మార్చి ఫైల్‌లో రాయకుండా వదిలేసినదో విడదీసి చూడు. రెండో రకానికి చెందినది ఒక్కటున్నా, దాని కథ తేలేదాకా అప్‌గ్రేడ్ తేదీ ఖరారు చేయకు. ఆ పోలిక ఫలితం నాకు పంపేటప్పుడు షమ్‌ఆల్ వరుస పక్కన అది ఎన్ని జీబీలో నీ చేత్తో లెక్కవేసి రాయి.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన