లేఅవుట్ మీద గూడ్సు బండి నిజంలా నడవాలంటే ముందు వ్యాగన్‌కి పని చూపించండి

మీరు అడిగింది ఇదీ: మీ మోడల్ రైల్వే లేఅవుట్ మీద, అంటే బల్ల మీద కట్టుకున్న చిన్న రైల్వేలో, హెచ్‌ఓ స్కేల్లో (నిజం బండిలో 87వ వంతు సైజు) ఒక ఓవల్, ఒక స్టేషన్, ఒక లూప్ లైను (మెయిన్ లైనుతో రెండు చివరలా కలిసే పక్క లైను), నాలుగు సైడింగులు (ఒక చివర ఆగిపోయే పక్క లైన్లు) ఉన్నాయి, సీనరీ కూడా దాదాపు అయిపోయింది, కానీ గూడ్సు బండి గుండ్రంగా తిరుగుతుంటే కాసేపటికే బోరు కొడుతోంది, నిజం రైల్వేలో లాగా నడపాలంటే ఇంకా ట్రాకు వేయాలా, ఏదైనా సాఫ్ట్‌వేర్ కావాలా అని. రెండూ అక్కర్లేదు. ఉన్న ట్రాకు చాలు, దానితోపాటు కొన్ని అట్టముక్కలు, ఒక పెన్సిలు ఉంటే సరిపోతుంది.

ఏళ్లుగా చిన్న లేఅవుట్ మీద గూడ్సు పని నడుపుతున్న అనుభవంతో చెప్తున్నాను, మీరు "ఈ బండి ఎక్కడికి వెళ్లాలి" అని ఆలోచిస్తున్నంత కాలం అది గుండ్రంగానే తిరుగుతుంది. "ఈ వ్యాగన్ ఎక్కడికి వెళ్లాలి, ఎందుకు వెళ్లాలి" అని అడగడం మొదలుపెట్టండి. నిజం రైల్వేకి కిరాయి కట్టేవాడు బండిని చూసి కట్టడు, తన సరుకు చేరుతుందని కడతాడు. ఒకే దారిలో పోయే వ్యాగన్లను కలిపి కడితే అదే బండి. ఈ ఒక్క మార్పుతో మీ నాలుగు సైడింగులే ఒక సాయంత్రం మొత్తానికి పని పెడతాయి.

ముందు ఒక్కో సైడింగుకి ఒక కారణం ఇవ్వండి. ఒకటి పిండిమిల్లు అనుకుందాం. గోధుమలు హాపర్ వ్యాగన్లలో (అడుగు నుంచి సరుకు జార్చే రకం) వస్తాయి, పిండి బస్తాలు బాక్స్ వ్యాగన్లలో (పక్క తలుపులున్న మూత రకం) వెళ్తాయి. హాపర్ ఆగాల్సింది గోధుమలు దించే గుంట మీద, బాక్స్ వ్యాగన్ ఆగాల్సింది ప్లాట్‌ఫారం తలుపు ఎదురుగా. "మిల్లు సైడింగులో పెట్టేశాం" అంటే పని అయినట్టు కాదు, ఏ వ్యాగన్ ఏ గుర్తు దగ్గర ఆగాలో ముందే నిర్ణయించుకోవాలి. అసలు ఆట ఇక్కడే మొదలవుతుంది. గుంట మీద ఉన్న హాపర్ ఇంకా ఖాళీ కాలేదు, దాని లోపలి వైపున్న బాక్స్ వ్యాగన్ మాత్రం నిండింది, ఈ రోజే వెళ్లాలి. అప్పుడు హాపర్‌ని బయటకి లాగాలి, దానితోపాటు బాక్స్ వ్యాగన్‌ని లాగి లూప్‌లో వదలాలి, కొత్తగా వచ్చిన ఖాళీ బాక్స్ వ్యాగన్‌ని తలుపు దగ్గర పెట్టాలి, చివరికి ఆ హాపర్‌ని మళ్ళీ సరిగ్గా గుంట మీదకే తెచ్చి నిలపాలి. ఒక్క వ్యాగన్ మార్చడానికి ఇంత షంటింగ్! దీనికోసం మీరు అదనంగా వేసిన ట్రాకు అంగుళం కూడా లేదు.

మిగతా మూడింట్లో ఒకటి ఆయిల్ డిపో, ఒకటి ఎవరైనా వచ్చి సరుకు ఎత్తుకునే గూడ్సు షెడ్డు చేయండి. గూడ్సు షెడ్డుకి ఏ రకం వ్యాగనైనా రావచ్చు, ట్రాక్టర్లు, కలప, సిమెంటు, ఏదైనా సరే, కాబట్టి చిన్న లేఅవుట్‌కి అది వరం లాంటిది. నాలుగోదాన్ని పరిశ్రమ చేయకండి, దయచేసి. దాన్ని ఇంటర్‌ఛేంజ్ అనుకోండి, అంటే వేరే రైల్వే కంపెనీ తన వ్యాగన్లను మీకు అప్పగించి మీవి తీసుకుపోయే లైను. ఆ లైను బల్ల చివర ఆగిపోయినా, అక్కడ నిలిపిన వ్యాగన్ లోకంలో ఎక్కడి నుంచైనా వచ్చి ఉండొచ్చు. అమెరికాలో అలెన్ మెక్‌క్లెలండ్ తన వర్జీనియన్ అండ్ ఒహాయో లేఅవుట్‌తో చూపించింది ఇదే: గదిలో కనిపించే రైల్వే ఒక పెద్ద వ్యవస్థలో ముక్క, సరుకు ఆ గది బయట పుట్టి గది బయటే చేరుకుంటుంది. అందుకే జాగా ఉన్నవాళ్లు బండ్లు కనపడకుండా వేచి ఉండే దాపుడు లైన్లు, అదే స్టేజింగ్, కట్టుకుంటారు. జాగా లేనివాళ్లకి ఇంటర్‌ఛేంజ్ లైను ఒక్కటే ఆ పని చేసిపెడుతుంది.

ఇక అట్టముక్కల సంగతి. 1961లో డగ్ స్మిత్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు, నేనూ అదే వాడతాను. ప్రతి వ్యాగన్‌కి ఒక కార్డు, దాని మీద వ్యాగన్ నంబరు, రకం, ఖాళీగా ఉంటే ఎక్కడికి పంపాలో ఉంటుంది. కార్డుకి కింద చిన్న జేబు. అందులో వేబిల్లు, అంటే సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికో రాసిన చీటీ పెడతాం, దానికి ఒక్కో వైపున నిటారుగా ఒకటి, తలకిందులుగా ఒకటి చొప్పున మొత్తం నాలుగు ప్రయాణాలు రాసి ఉంటాయి. ఉదాహరణకి ఒక బాక్స్ వ్యాగన్: మొదటిది, ఖాళీగా యార్డు (వ్యాగన్లు నిలిపి ఉంచే చోటు) నుంచి మిల్లుకి. రెండోది, పిండితో మిల్లు నుంచి ఇంటర్‌ఛేంజ్‌కి. మూడోది, అక్కడి నుంచి యంత్రాల విడిభాగాలతో గూడ్సు షెడ్డుకి. నాలుగోది, ఖాళీగా తిరిగి యార్డుకి. ఒక ఆట ముగిశాక గమ్యం చేరిన వ్యాగన్ల చీటీలను మాత్రమే తిప్పుతారు, దారిలో ఉన్నవాటిని ముట్టుకోరు. అంతే, తర్వాతి ఆటకి పని దానంతట అదే తయారు.

అన్ని చీటీలూ ఒకేసారి తిప్పేయకండి అని గట్టిగా చెప్తాను. నిజంలో ఒక వ్యాపారి ఒక్క రోజులో దించుకుంటాడు, ఇంకొకడు నాలుగు రోజులు ఉంచేసి రైల్వేకి ఆలస్య రుసుము కడతాడు. కొన్ని వ్యాగన్లు ఉన్నచోటే ఉండిపోతేనే వాటి చుట్టూ షంటింగ్ చేయాల్సిన అవసరం వస్తుంది.

కంప్యూటర్ ఇష్టమైతే జేఎంఆర్‌ఐ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులోని ఆపరేషన్స్ భాగం వ్యాగన్లనీ సైడింగులనీ ఎక్కిస్తే ఏ బండి ఏది తీసుకోవాలో, ఏది వదలాలో జాబితా అచ్చు వేసి ఇస్తుంది. పెద్ద లేఅవుట్‌కి చాలా మంచిది. మీ సైజుకి మాత్రం కార్డులు చూసి చేత్తో జాబితా రాసుకోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే రాస్తున్నప్పుడే ఏది ముందు లాగాలో బుర్రలో ఒక లెక్క పడుతుంది.

ఆ లెక్క ముఖ్యం. బండి వెళ్లే దిశలో వెనక్కి తోస్తే సైడింగులోకి పోయేలా పాయింట్లు (పట్టాలు రెండు దారులుగా విడిపోయే చోటు) ఉంటే అది ట్రెయిలింగ్, తేలిక. ముందుకే విడిపోయేలా ఉంటే ఫేసింగ్, అప్పుడు ఇంజిన్ ఆ వ్యాగన్‌కి అవతలి వైపు చేరాలి, అంటే లూప్ లైనులో చుట్టి రావాలి. మీ లూప్‌లో ఎన్ని వ్యాగన్లు పడతాయో ఒకసారి కొలిచి పెట్టుకోండి, మీ లోకల్ గూడ్సు పొడవుకి అదే హద్దు. లూప్‌లో ఐదు పడితే బండికి ఐదు వ్యాగన్లు చాలు. నేను చూసినంతలో లేఅవుట్ మీద ఆట పాడయ్యేది ఎక్కువగా వ్యాగన్లు ఎక్కువై. ఉన్న స్థలంలో సగం, మహా అయితే సగానికి కాస్త ఎక్కువ నిండి ఉంటే కదలడానికి చోటు ఉంటుంది. మిగిలినవి అల్మారాలో ఉంచి ఇంటర్‌ఛేంజ్ ద్వారా ఆటకొకసారి మార్చండి.

షంటింగ్ పజిల్స్ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. బ్రిటన్‌లో అలన్ రైట్ తయారుచేసిన ఇంగిల్‌నుక్ నాకు బాగా ఇష్టం: మూడు లైన్లు, వాటిలో ఐదు, మూడు, మూడు వ్యాగన్లు పడతాయి, ఎనిమిది వ్యాగన్ల నుంచి చీటీల్లో వచ్చిన ఐదింటిని అదే వరసలో కట్టాలి. అంత చిన్న చోట 6,720 రకాల బండ్లు కట్టొచ్చు. అమెరికా మోడలర్ జాన్ అలెన్ చేసిన టైమ్‌సేవర్ అనే పజిల్ ఇంకా చిక్కుగా ఉంటుంది, గడియారం పెట్టి పోటీపడేలా చేశాడాయన. చేయి తిరగడానికి రెండూ మంచివే. కానీ టైమ్‌సేవర్‌ని తెచ్చి లేఅవుట్‌లో ఊరుగా పెట్టకండి. నిజం రైల్వే ఇంజినీర్లు చిక్కులు పెట్టడానికి కాదు, తప్పించడానికి ట్రాకు వేస్తారు. మన చిక్కు ట్రాకులోంచి కాకుండా సరుకులోంచి రావాలి.

వేగం దగ్గర అసలు రాజీ పడకండి. నిజంలో వ్యాగన్లను కలిపేటప్పుడు గంటకి 4 మైళ్లు, అంటే సుమారు 6.4 కిలోమీటర్లు దాటకూడదని చెప్తారు. హెచ్‌ఓ 1:87 కాబట్టి అది సెకనుకి దాదాపు 2 సెంటీమీటర్లు. ఇంకోలా చెప్పాలంటే, 40 అడుగుల వ్యాగన్ మోడల్‌లో 14 సెంటీమీటర్లు ఉంటుంది, అది తన పొడవంత దూరం కదలడానికి ఏడు సెకన్లు పట్టాలి. వాచీ పెట్టి చూడండి, మనం అలవాటుగా ఎంత వేగంగా గుద్దుతున్నామో తెలిసిపోతుంది. మీది డీసీసీ (ఒక్కో ఇంజిన్‌ని విడిగా డిజిటల్ సంకేతాలతో నడిపే పద్ధతి) అయితే ఇంజిన్‌లోని డీకోడర్ చిప్‌లో సీవీ 3, సీవీ 4 అనే సెట్టింగులు కాస్త పెంచండి, మొదటిది వేగం అందుకోవడం, రెండోది ఆగడం నిదానం చేస్తుంది, ఇంజిన్‌కి బరువు వచ్చినట్టు ఉంటుంది.

వ్యాగన్లు కలిశాక వెంటనే లాగేయకండి. అక్కడ ఒక మనిషి దిగి బ్రేకు గొట్టం తగిలించాలి, నిలిపి ఉంచిన వ్యాగన్ చేతి బ్రేకు విప్పాలి, గాలి నిండాలి. నేను ప్రతి కప్లింగ్ తర్వాత నెమ్మదిగా ముప్పై లెక్కపెడతాను, బండి అంతా కట్టాక బ్రేకు పరీక్షకి రెండు నిమిషాలు ఆగుతాను. ఆ కాసేపట్లోనే తర్వాతి కదలిక గురించి ఆలోచించుకోవచ్చు, టెన్షన్ ఉండదు. పక్కన ఒక స్నేహితుడు ఉంటే ఇంకా బాగుంటుంది, ఒకరు డ్రైవరు, ఇంకొకరు కార్డులు పట్టుకుని పాయింట్లు మార్చే షంటింగ్ మాస్టరు.

బండి కట్టే వరసకి కూడా నియమం తెచ్చిపెట్టుకోవచ్చు. అమెరికా నిబంధనల్లో, బండి పొడవు అనుమతిస్తే, ప్రమాదకర సరుకు నిండిన ట్యాంకు వ్యాగన్ ఇంజిన్ నుంచి ఆరో వ్యాగన్ కంటే దగ్గరగా ఉండకూడదు. అంత పొడవు లేకపోతే వీలైనంత మధ్యలో పెట్టాలి, కనీసం ఒక వ్యాగన్ అయినా ఇంజిన్‌కి దానికి మధ్య ఉండాలి. మీ ఆయిల్ డిపోకి పెట్రోలు ట్యాంకు వెళ్తోందంటే ఈ ఒక్క నియమంతో ఐదు వ్యాగన్ల బండి కట్టడం కూడా ఆలోచించాల్సిన పని అవుతుంది. ఖాళీ చేసిన ట్యాంకు శుభ్రం కాకపోతే దానికి వేరే నియమాలు ఉంటాయి, ఇప్పుడే అంత లోతుకి వెళ్లకండి.

వేగవంతమైన గడియారం, అంటే నిజం గంటకి నాలుగో ఆరో గంటలు తిరిగేది, చాలామంది వాడతారు. లైను మీద ప్రయాణానికి అది బాగానే ఉంటుంది, కానీ షంటింగ్‌కి నిజంలో పట్టినంత సమయం మోడల్‌లోనూ పడుతుంది కదా. కాబట్టి మొదట్లో గడియారం వద్దు, వరస చాలు: ముందు ఇంటర్‌ఛేంజ్ బండి, తర్వాత లోకల్ గూడ్సు, మధ్యలో ఒక ప్యాసింజరు వచ్చినప్పుడు లోకల్ లూప్‌లోకి తప్పుకోవాలి.

ఇవన్నీ నడవాలంటే వ్యాగన్లు పట్టాలు తప్పకూడదు. అమెరికాలోని మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సూచన ప్రకారం హెచ్‌ఓ వ్యాగన్ బరువు ఒక ఔన్సు, దాని మీద పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. ఆరు అంగుళాల వ్యాగన్‌కి నాలుగు ఔన్సులు, అంటే 113 గ్రాములు. ప్లాస్టిక్ చక్రాలు ఉంటే లోహం చక్రాలు వేయండి, కప్లింగులన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో గేజితో చూడండి. సరిగ్గా నడవని వ్యాగన్‌ని కార్డుతో సహా మరమ్మతు లైనులోకి పంపితే అదీ ఒక నిజమైన రైల్వే కదలికే.

మొదటి ఆటకి ఎనిమిది పది వ్యాగన్లకి మాత్రమే కార్డులు రాయండి. ఆట అయ్యాక ఏ వ్యాగన్‌నీ చేత్తో ఎత్తి సర్దకండి, ఎక్కడ ఆగితే అక్కడే ఉండనివ్వండి. మీ నాలుగు సైడింగుల పొడవులు, పాయింట్లు ఏ దిశకి తెరుచుకుంటాయో కింద రాస్తే, ఏ సైడింగుకి ఏ పరిశ్రమ సరిపోతుందో, మొదటి ఆటకి వేబిల్లులు ఎలా ఉండాలో నేను రాసి పెడతాను.