కాలికి బలపం కట్టుకున్న టీచరమ్మకు

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. చిత్తూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. కాపురం తిరుపతిలో. మావారు ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. బాబు ఇంటర్ సెకండియర్, పాప ఎనిమిదో తరగతి. అత్తగారు మాతోనే ఉంటారు. నాలుగేళ్లుగా వేసవి సెలవుల్లో పది రోజులు బయటి దేశాలకు వెళ్లొస్తున్నాను. శ్రీలంక, నేపాల్, వియత్నాం తోటి టీచర్లతో వెళ్లాను. పోయిన వేసవిలో కంబోడియాకు ఒక్కదాన్నే వెళ్లాను. అక్కడ ఫోన్ నీళ్లలో పడి ఒక రాత్రంతా ఇంటికి మాట్లాడలేకపోయాను. ఈ వేసవిలో ఈజిప్టు వెళ్లాలని డబ్బు దాచుకున్నాను. ఆయన వద్దంటున్నారు. ‘ఇంట్లో నీకేం తక్కువైందని పోతావు?’ అని అడిగారు. అత్తగారు ‘కాలికి బలపం కట్టుకుని తిరుగుతోంది’ అని చుట్టాలకు చెబుతున్నారు. నిజంగానే నాకేం తక్కువైందో నాకు తెలీదు. మా అమ్మ బస్టాండు దగ్గర ఇడ్లీ అంగడి పెట్టి నన్ను చదివించింది, ఏ దేశమూ చూడకుండానే పోయింది. ఆమె పాస్‌పోర్టు నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునే వెళ్తాను. ఇది జబ్బా? ఇంటి నుంచి పారిపోతున్నానా?
– ఒక టీచర్, తిరుపతి

జవాబు: టీచర్ గారూ, మీ ఉత్తరాన్ని కుదించి పైన ఇచ్చాను. అసలుది ఆరు పేజీలు. అందులో సగం కంబోడియాలోని ఆంగ్‌కోర్ వాట్ గురించే. పన్నెండో శతాబ్దంలో రెండో సూర్యవర్మ విష్ణువుకు కట్టించిన గుడి అది. దేవతలూ అసురులూ వాసుకిని పట్టుకుని లాగుతున్న శిల్పం అక్కడి గోడ మీద దాదాపు 49 మీటర్ల పొడవుంటుంది. దాని పక్కనే అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచారని, బడి తెరిచాక తొమ్మిదో తరగతి పిల్లలను గ్రౌండులోకి తీసుకెళ్లి అంత పొడవునా ముగ్గుపిండితో గీత గీయించారని రాశారు. ఆ గీత చివర నిలబడ్డ పిల్లాడు ‘ఇంత పొడుగు రాయా మేడమ్?’ అని అరిచాడట. చదువుతుంటే నాకే ఆ గ్రౌండులో నిలబడాలనిపించింది. అమ్మ పాస్‌పోర్టుకు మాత్రం ఒక్క వాక్యం ఇచ్చారు. ఫోన్ పోయిన రాత్రికీ ఒక్క వాక్యమే. నేను ఆ రెండింటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు జబ్బు సంగతి. తిరగడమే జబ్బైపోయిన మనుషులు నిజంగానే ఉన్నారు. ఫ్రాన్సులోని బోర్డో ఊళ్లో 1880లలో ఆల్బర్ట్ దాదా అనే గ్యాస్ పైపుల పనివాడు ఉండేవాడు. ఉన్నట్టుండి పని వదిలేసి నడక మొదలుపెట్టేవాడు. ఆల్జీరియా, మాస్కో, కాన్‌స్టాంటినోపుల్ దాకా పోయాడు. తెలివి వచ్చేసరికి ఎక్కడున్నాడో, అక్కడికి ఎలా చేరాడో గుర్తుండేది కాదు. ఫిలిప్ తిస్సియే అనే డాక్టరు ఆయనను పరీక్షించి 1887లో దాని మీదే థీసిస్ రాశాడు. జబ్బంటే అది. మీరు చీటీ కట్టి డబ్బు కూడబెట్టారు. శాఖ అనుమతి కాగితం కోసం రెండు నెలల ముందు నుంచే ఆఫీసు చుట్టూ తిరిగారు. పప్పులపొడి, ఊరగాయ డబ్బాలకెత్తి, గ్యాస్ బుక్ చేసి, పాప యూనిఫాం కుట్టడానికిచ్చి మరీ బయలుదేరారు. బడి తెరిచే రోజుకు క్లాసులో ఉన్నారు. ఇలా పోయొచ్చే మనిషికి ఏ డాక్టరూ మందు రాయడు.

మీ బాబు నెట్‌లో చూసి ‘నీకు తిరిగే జీన్ ఉందేమో అమ్మా’ అన్నాడని రాశారు. డి.ఆర్.డి.4 అనే జన్యువు గురించి చదివి ఉంటాడు. మెదడులో డోపమైన్ అనే రసాయనం చేసే పనితో దానికి సంబంధముంది. పూర్వం చాలా దూరం వలసపోయిన జనాల్లో దాని ఒక రకం ఎక్కువగా కనిపించిందని 1999లో ఒక పరిశోధన వచ్చింది. అది వేల ఏళ్ల వలసల లెక్క. తిరుపతిలో ఒక టీచరుకు పిరమిడ్లు ఎందుకు చూడాలనిపించిందో ఆ జన్యువును అడిగి లాభం లేదు. మీ అమ్మ అంగడిని అడిగితే చెబుతుంది.

తెల్లారి నాలుక్కు స్టవ్ వెలిగేదని, బడికి పోయే ముందు మీరు గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారని రాశారు. గుండు మీద చందనం ఆరకముందే ఇడ్లీకి వచ్చే జనం. ఒక బెంచీ మీద అరవం, ఇంకో బెంచీ మీద కన్నడం, మధ్యలో మరాఠీ, హిందీ. మీ అమ్మ ప్లేటు పెడుతూ ఒక్కొక్కరినీ వాళ్ల భాషలోనే ‘ఏ ఊరు?’ అని అడిగేది. వాళ్లు చెప్పిన ఊరి పేరు మీరు లెక్కల పుస్తకం వెనక రాసుకుని, బడిలో మ్యాపు మీద వేలు పెట్టి వెతికేవారు. ఒకరోజు ఆమె గిన్నెలు తోముతూ అన్న మాట మీకు ఇప్పటికీ అలాగే గుర్తుంది: ‘పాపా, మనూరికి అందరూ వస్తారు. మనమే యాడికీ పోము.’

నేనూ ఈ ఊరిదాన్నే. జీవితమంతా యాత్రికులకు నీళ్లిచ్చి, దారి చెప్పి, లగేజీకి కాపలా కాసి, తాము మాత్రం రేణిగుంట దాటని అమ్మలు నాకు చాలామంది తెలుసు. లోకమంతా తమ గుమ్మం ముందు నుంచే నడిచిపోతుంటే లోపల కూర్చుని చూసినవాళ్లు వాళ్లు. మీ తిరుగుడుకు వేరు అక్కడుందని నాకనిపిస్తోంది. మీ ఇంట్లో ఏదో తక్కువై పుట్టింది కాదు. మీకు ఎనిమిదేళ్లప్పుడు, ఆ గల్లాపెట్టె దగ్గరే పుట్టింది.

అమ్మకు ఒకే ఒక కోరిక ఉండేదన్నారు, సీతమ్మను పెట్టిన చోటు చూడాలని. ఉద్యోగం స్థిరపడ్డాక 2014లో ఆమెకు పాస్‌పోర్టు తీయించారు. 2016లో ఆమె పోయారు. ఆ పుస్తకంలో ఒక్క ముద్రా పడలేదు. అది పట్టుకుని మీరు వెళ్లిన మొదటి దేశం శ్రీలంక. నువారా ఎలియా దగ్గరున్న సీత ఎలియా గుడి ముందు అరగంట ఏడ్చానని, ఎందుకో తెలియలేదని రాశారు. టీచర్ గారూ, ఎందుకో మీకు తెలుసు. అది అమ్మ చేయాల్సిన ప్రయాణం, మీరు చేసి వచ్చారు. ఆ బాకీ అక్కడితో తీరింది. ఆ తర్వాతవి మీవి. వాటిని అమ్మ పేరు మీద మోయాల్సిన పని లేదు. మీకు చూడాలని ఉంది, అందుకే పోయారు. అలా చెప్పుకోవడానికి మీరు భయపడుతున్నారేమో అనిపిస్తోంది.

ఆ భయం కూడా ఊరికే రాలేదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేస్తూ 1830 మేలో కాశీకి బయలుదేరారు. మన తిరుపతి మీదుగానే వెళ్లారు. ఇంటివాళ్లనూ పరివారాన్నీ వెంటబెట్టుకుని వెళ్లి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారిలో బాటలెలా ఉన్నాయో, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుందో, మజిలీలో వసతేమిటో అన్నీ రాసుకున్నారు. ఆ రాత చదివితే, పుణ్యంతో పాటు చూడాలన్న ఆశ కూడా ఆయనను నడిపించిందని తెలుస్తుంది. కాశీ పేరుంది కాబట్టి ఆ ఆశకు ఎవరూ అడ్డు చెప్పలేదు. మీ అమ్మ కోరికకు సీతమ్మ పేరుంది. మన పక్క ఊళ్ల నుంచి ఎంతోమంది ఆడవాళ్లు కువైట్‌కు పోయి ఇంటిపని చేసి డబ్బు పంపుతున్నారు, దానికి కుటుంబం పేరుంది. మీరు మాత్రం దేవుడి పేరూ సంపాదన పేరూ చెప్పకుండా, చూడాలని ఉంది, పోతాను అంటున్నారు. మన ఇళ్లలో ఒక ఆడమనిషి నోట ఈ మాట కొత్త. వినేవాళ్లకు గుచ్చుకుంటుంది. అంతమాత్రాన అది తప్పు మాట కాదు.

పారిపోతున్నానా అని అడిగారు. పారిపోయే మనిషికి తిరుగు టికెట్ దగ్గరపడేకొద్దీ గుండె బరువెక్కుతుంది. మీరు ఏడో రోజుకే పాప జడ ఎవరు వేస్తున్నారో అనుకున్నానని, ఎనిమిదో రోజు అంగట్లో మీ ఆయనకు చొక్కా గుడ్డ బేరమాడానని రాశారు. నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. ఇక్కడ మిమ్మల్ని కొంచెం గట్టిగానే అడుగుతాను.

కంబోడియాకూ మనకూ గంటన్నరే తేడా. ఫోన్ పాడైన రోజు మీరు అలసిపోయి పడుకున్నారు, పొద్దున కొత్త ఫోన్ కొనుక్కుని మాట్లాడారు. ఇక్కడ మీ ఆయన దగ్గర మీ హోటల్ పేరు కూడా లేదు. నాన్న ఆ రాత్రి హాల్లో లైటు ఆర్పలేదని, కుర్చీలోంచి లేవలేదని పాప మీతో చెప్పింది. తల్లి నిద్ర లేస్తుందని ఆయన ఎవరికీ ఫోన్ చేయలేదు. ఎవరికి చేయాలో కూడా తెలీదు. పొద్దున మీ గొంతు వినగానే ‘సరే, తిన్నావా?’ అని పెట్టేశారు. మీరు దాన్ని కోపం అనుకున్నారు.

మన మగవాళ్లలో చాలామందికి ‘భయపడ్డాను’ అనే మాట నోటికి రాదు. అది రాక ఇంకో మాట వస్తుంది. ‘ఇంట్లో నీకేం తక్కువైంది?’ అన్నది అలాంటి మాటేనని నా నమ్మకం. మూడు ప్రయాణాలకు అడ్డు చెప్పని మనిషి, రెండోసారి ఎయిర్‌పోర్టు దాకా వచ్చి సూట్‌కేసుకు ఎర్ర రిబ్బను కట్టిన మనిషి, ఆ రాత్రి తర్వాతే మారారు. ఆయన ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మీరు ఏడాదిగా నలిగిపోతున్నారు. ఆ ప్రశ్నను పక్కన పెట్టి, మీరే ఆయనను అడగండి: ‘ఆ రాత్రి ఎట్లా గడిచింది?’ అడిగి ఊరుకోండి. సర్దిచెప్పొద్దు. ఫోన్ నీళ్లలో పడితే నేనేం చేసేది అనొద్దు. హోటల్ నంబరు ఇంట్లో ఇవ్వకపోవడం మీ పొరపాటే, ఆ మాట ఒప్పుకోండి.

ఈజిప్టు విషయానికొస్తే, ఈ వేసవిలో వద్దు. ఆయన వద్దన్నారని కాదు. మేలో బాబుకు ఎంసెట్ ఉంటుంది. పేరు మారినా మన ఇళ్లలో దాని టెన్షన్ మారలేదు. ఆ పది రోజులు మీరు పక్కన లేకపోతే ర్యాంకు ఎలా వచ్చినా మాట మీ మీదికే వస్తుంది, మీరూ నైలు ఒడ్డున నిలబడి హాల్ టికెట్ గురించే ఆలోచిస్తారు. పైగా మే, జూన్‌లలో లక్సర్, అస్వాన్ వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మన రేణిగుంట ఎండ తెలిసినవాళ్లయినా రాళ్ల మధ్య రోజంతా తిరగలేరు. సంక్రాంతి సెలవుల్లో అక్కడ హాయిగా ఉంటుంది. గిజా దగ్గర కొత్త మ్యూజియం 2025 నవంబరులో పూర్తిగా తెరిచారు. 1922లో ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో దొరికిన వస్తువులు దాదాపు అన్నీ ఇప్పుడు అక్కడే పెట్టారు. ఆరేడు నెలలు ఆగితే అవెక్కడికీ పోవు. పండక్కి ఇంట్లో లేకపోవడం ఒక్కటే చిక్కు. అది మీరూ ఆయనా కూర్చుని తేల్చుకోవాలి.

ఈసారికి ఒంటరిగా కాకుండా మునుపటి టీచర్లతో వెళ్లండి. ఒంటరిగా వెళ్లడం తప్పని కాదు, తెగిన నమ్మకం మళ్లీ అతుక్కోవడానికి ఒక ప్రయాణం పడుతుంది. ఏ రోజు ఏ ఊళ్లో, ఏ హోటల్లో ఉంటారో, తోడు వచ్చేవాళ్ల నంబర్లు, అక్కడి మన ఎంబసీ నంబరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. బ్యాగులో ఇంకో చిన్న ఫోన్ ఉంచుకోండి. పొద్దునా రాత్రీ రెండు మెసేజ్‌లు, ఎంత అలసిపోయినా.

అత్తగారి మాటకు బాధపడుతున్నారు. నాకు ఆమె వైపూ కనిపిస్తోంది. మీరు లేని పది రోజులూ ఆ వయసులో వంటిల్లు ఆమె మీద పడుతోంది. ఊరగాయ డబ్బాతో మూడు పూటలు గడవవు. ప్రయాణానికి డబ్బు దాచేటప్పుడే వంటమనిషి జీతం కూడా అందులో వేసుకోండి. వెళ్లే వారం ముందు నుంచే ఆమెను రమ్మనండి, అత్తగారికి అలవాటవుతుంది. స్టాఫ్ రూములో మీ గురించి అనుకునే మాటలకు నా దగ్గర మందు లేదు, మీకు అక్కర్లేదు కూడా. ఆ గ్రౌండులో గీత చివర నిలబడ్డ పిల్లాడు చాలు.

ఇక అమ్మ పాస్‌పోర్టు. మీ మనసు నొచ్చుకుంటుందేమో, అయినా చెప్పాలి. దాన్ని ఇకమీదట బయటి దేశాలకు పట్టుకెళ్లొద్దు. ఇమ్మిగ్రేషన్ దగ్గర మీ బ్యాగులో ఇంకొకరి పాస్‌పోర్టు కనిపిస్తే మీరు సంజాయిషీ చెప్పుకోవాలి, పరాయి దేశంలో ఆ మాటలు మీ చేతిలో ఉండవు. పోయినవాళ్ల పాస్‌పోర్టును మరణ ధ్రువపత్రంతో పాటు ఇచ్చి రద్దు చేయించుకోవడం మంచిది. మన తిరుపతిలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. రద్దు ముద్ర వేశాక జ్ఞాపకంగా తిరిగి ఇమ్మని అడగండి. ఈసారి ఆమె ఫోటో ఒకటి పర్సులో పెట్టుకుని వెళ్లండి.

కానీ రద్దుకు ఇచ్చే ముందు ఒక పని ఉంది. ఇరవై ఏళ్లు కాపురం చేసి కూడా ఆ పాస్‌పోర్టు మీ బ్యాగులో ఉందని మీ ఆయనకు తెలీదన్నారు. పిల్లలు పడుకున్నాక, ఆయన పక్కన కూర్చుని అది తీసి చేతికివ్వండి. ఖాళీ పేజీలు ఆయననే తిప్పి చూడనివ్వండి.