బడిలో పిల్లలకు పండ్లు పెట్టడం వృథాయేనా?

ప్రశ్న: మా పాప చంద్రగిరి మండలంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతోంది. మేము కొందరు తల్లులం కలిసి వారానికి రెండు రోజులు పిల్లలందరికీ ఉచితంగా పండ్లు, పచ్చికూరగాయల ముక్కలు పెట్టాలనుకుంటున్నాము. మధ్యాహ్న భోజనం, గుడ్డు ఉన్నాయి కదా, పిల్లలు పండ్లు సగం కొరికి పారేస్తారని ఊరి పెద్దలు కొందరు అంటున్నారు. మీ సలహా ఏమిటి?
– ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: అమ్మా, మీ ఆలోచన మంచిది, అవసరమైనది కూడా. మధ్యాహ్న భోజన పథకం నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 50 గ్రాముల కూరగాయలు అందాలి. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు పండ్లు, కూరగాయలు కలిపి రోజుకు కనీసం 350 గ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మిగిలిన 300 గ్రాములు ఇంట్లోనే దొరకాలంటే, పొద్దున్నే కూలికి వెళ్లే తల్లికి అది ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు.

పారేస్తారన్న మాటలో కొంత నిజం ఉంది, అయితే అది పెట్టే తీరును బట్టి ఉంటుంది. ఒక బడిలో పిల్లల పక్కన కూర్చుని తిన్నప్పుడు, సాంబారులో ఉడికిన క్యారెట్ ముక్కలను ఒక పాప వేలితో ఒక్కొక్కటిగా పళ్లెం అంచుకు నెట్టడం చూశాను. అదే పాప మరునాడు ఇంటర్వెల్‌లో పచ్చి క్యారెట్‌ను నిలువుగా చీల్చి చేతికిస్తే కరకరా నమిలి, ఇంకొకటి అడిగింది. అమెరికాలో పేద పిల్లలు ఎక్కువగా ఉన్న ప్రాథమిక బడులలో నడుస్తున్న ఉచిత పండ్లు, కూరగాయల పథకం కూడా వాటిని భోజన వేళలో కాకుండా విడిగా, బడిలోని పిల్లలందరికీ తేడా లేకుండా ఇవ్వాలనే నియమంతోనే సాగుతోంది. ఇంగ్లండులో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు ప్రభుత్వ బడులలో రోజుకొక పండో కూరగాయో ఇస్తారు. కనుక మీరు కూడా భోజనానికి ముందు, ఉదయం విరామంలోనే పెట్టండి. కడుపు నిండిన పిల్లవాడు ఎంత మంచి పండునైనా సగం కొరికి పారేస్తాడు.

ఖరీదైన యాపిల్ జోలికి వెళ్లకండి. మన వైపు దొరికే జామకాయ నూరు గ్రాములలో సుమారు 200 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది, ఇది కమలాపండులో ఉన్నదానికి కొన్ని రెట్లు. పైగా రాగులలోని ఇనుమును ఒంటికి పట్టించడానికి సి విటమిన్ తోడ్పడుతుంది కాబట్టి, బడిలో రాగిజావ ఇచ్చే రోజునే, వీలైతే జావతోపాటే, జామముక్క ఇవ్వడం మేలు. కిలోకు ఐదారు కాయలు తూగుతాయి. మనిషికి సగం చొప్పున అరవై మందికి ఐదారు కిలోలు చాలు. మిగతా కాలాల్లో బొప్పాయి, అరటి, కీరదోస, శీతాకాలం ముందు సీతాఫలం ఉండనే ఉన్నాయి.

తోతాపురి మామిడి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచే జూన్‌లోనే చిత్తూరు ప్రాంతంలో ఆ కోతలు సాగుతాయి. 2025లో ధర పడిపోయి, రైతులు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లతో రోజుల తరబడి నిరీక్షించిన సంగతి మనమందరం బాధతో చూశాము. అలాంటి రైతు దగ్గర రెండు గంపలు సరైన ధరకే కొంటే, దోరకాయ ముక్కలను ఏ పిల్లవాడూ పారేయడు. పుట్టినరోజుకో, పెద్దల జ్ఞాపకార్థమో దాతలు బడి పిల్లలకు ఆహారం పెట్టే తిథి భోజనం ఏర్పాటు కేంద్ర పథకంలోనే ఉంది గనుక, ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి ఆ దారిలో దాతలను అడగవచ్చు.

ఒక్క విన్నపం: కోసే పనిని వంట చేసే అమ్మలపై వేయకండి, కొద్దిపాటి గౌరవ వేతనానికే వారు ఇప్పటికే పొగలో సగం రోజు నిలబడుతున్నారు. మీలో ఇద్దరేసి వంతులు వేసుకుని, పండ్లను కోయకముందే శుభ్రమైన నీటితో కడిగి, పెట్టడానికి కాస్త ముందుగా మాత్రమే కోయండి. మొదటి నెల జామతోనే మొదలుపెట్టి, పిల్లలు వదిలేసిన ముక్కలను రోజూ లెక్కపెట్టి ఒక నోటుపుస్తకంలో రాయండి. నెల తిరిగాక పెద్దలను పిలిచి ఆ పుస్తకాన్నే చూపండి.