రెండు రోజుల ప్రయాణానికి ఎంత బ్యాగు? ముందు ఒళ్లో పెట్టుకుని చూడండి

మీరు పర్లాకిమిడిలో ఉంటారు, ఆఫీసు పని మీద నెలకు రెండుసార్లు విశాఖకో బరంపురానికో వెళ్లి రెండు రాత్రులు ఉండి వస్తారు, ల్యాప్‌టాప్ వెంట ఉంటుంది. 50 లీటర్ల బ్యాగు కొనాలా, 30 సరిపోతుందా, లేక ట్రాలీయే మేలా అని అడిగారు. 30 చాలండీ. 28 నుంచి 35 మధ్య ఏదైనా సరే, అంతకు మించి వద్దు. ఎందుకంటున్నానో చెప్తాను.

నాది రాయగడ. మహిళా పొదుపు సంఘాల లెక్కలు చూసే పని. గుణుపూర్, మునిగుడ, కాశీపూర్, కోరాపుట్, జయపురం... నెలలో పది పన్నెండు రోజులు తిరుగుడే. పనిలో చేరిన కొత్తలో పెద్దదైతే అన్నీ పడతాయని 55 లీటర్ల బ్యాగు కొన్నాను. నిజంగానే అన్నీ పట్టాయి. ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు కదా. ఇంకో జత బట్టలు, ఇంకో టవలు, చలేస్తుందేమోనని శాలువా. రెండు రోజుల పనికి పదకొండు కిలోలు మోసేదాన్ని.

ఒక ఆగస్టులో కోరాపుట్ అవతల ఒక ఊరికి షేర్ జీపులో వెళ్తున్నాను. కాళ్ల దగ్గర జాగా లేదు. ఒళ్లో పెట్టుకుంటే ఎదురుగా కూర్చున్న ముసలాయన మొహానికి తగులుతోంది. హెల్పర్ కుర్రాడు "దీదీ, పైన కట్టేస్తా" అని టాపు మీదికి విసిరి తాడు బిగించాడు. ఘాట్ ఎక్కుతుండగా వాన పట్టుకుంది. ముప్పావు గంట కుండపోత. దిగి బ్యాగు తెరిస్తే రెండు లెక్కల పుస్తకాలు ఉబ్బిపోయి ఉన్నాయి. నీలం సిరా పేజీ అంతా పాకిపోయి అంకెలే కనపడలేదు. సంఘం అక్కలతో అరుగు మీద కూర్చుని, ఇళ్లలోంచి రశీదులు తెప్పించుకుని, మొత్తం మళ్లీ రాశాం. వాళ్లు నన్ను ఒక్క మాటా అనలేదు. కానీ వారం వారం వాళ్లు యాభై, వంద చొప్పున కూడబెట్టుకున్న డబ్బు లెక్క అది. ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు.

అప్పటినుంచి బ్యాగు విషయంలో నాకు ఒకటే పరీక్ష. నిండా సర్దాక ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. పై అంచు నా గడ్డం దాటకూడదు, పక్కవాళ్లకు తగలకూడదు. ఈ పరీక్షలో నెగ్గిన బ్యాగు బస్సులోనూ జీపులోనూ మన దగ్గరే ఉంటుంది. టాపు మీదికీ డిక్కీలోకీ పోదు. రైల్లో బెర్తు కింద ఇట్టే దూరుతుంది. సీటు లేకపోతే ముందుకు తగిలించుకుని నిలబడొచ్చు.

కొలతల్లో చెప్పాలంటే ఎత్తు 48-50 సెంటీమీటర్లు, వెడల్పు 30, మందం 20. గుణిస్తే దాదాపు 30 లీటర్లు వస్తుంది. అయితే లేబుల్ మీద రాసిన లీటర్లను పూర్తిగా నమ్మకండి. కొందరు బయటి జేబులు కూడా కలిపి లెక్కేస్తారు. అందుకే నేను రెండో బ్యాగు కొనేటప్పుడు సామానంతా ఒక గుడ్డ సంచిలో వేసుకుని దుకాణానికి పట్టుకెళ్లాను: రెండు జతల చుడీదార్లు, నైటీ, లోబట్టలు, పల్చటి తువ్వాలు, ల్యాప్‌టాప్, ఛార్జర్, రెండు ఫైళ్లు, లీటరు నీళ్ల సీసా, చిన్న టిఫిన్ డబ్బా, మందుల పౌచ్. కొట్టు ఆయన కౌంటరు మీదే సర్దనిచ్చాడు. నాలుగు బ్యాగుల్లో సర్ది, తీసి, అయిదోది తీసుకున్నాను. పక్కనే ఉన్న కిరాణా కాటా మీద పెడితే ఆరున్నర కిలోలు తూగింది. మీరూ ఇలాగే చెయ్యండి, మొహమాటపడకండి. ఖాళీ బ్యాగు భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. ఆన్‌లైన్లో కొంటే ట్యాగు తెంపకముందే ఇంట్లో ఈ పని చెయ్యండి. సరిపడకపోతే తిరిగి పంపేయొచ్చు.

ఇక వీపు సంగతి. దీని గురించి దుకాణాల్లో ఎవరూ చెప్పరు. తల ముందుకు వంచితే మెడ కింద ఒక ఎముక పొడుచుకొస్తుంది. అక్కడినుంచి, నడుము మీద రెండు చేతులూ పెట్టుకున్నప్పుడు బొటనవేళ్లు వెనక కలిసే చోటు దాకా ఎవరి చేతనైనా టేపుతో కొలిపించుకోండి. అదీ మీ వీపు పొడవు. మన ఎత్తు వేరు, వీపు పొడవు వేరు. పొడుగ్గా ఉన్నవాళ్లందరికీ వీపు పొడవుగా ఉండదు. నాకు 41 సెంటీమీటర్లు వచ్చింది. పాత బ్యాగు అడుగు నడిచినప్పుడల్లా పిరుదుల మీద కొట్టుకునేది, బరువంతా భుజాల మీద పడేది, రాత్రికి మెడ పట్టేసేది. ఇప్పటి బ్యాగు నడుము దగ్గర ఆగుతుంది. పట్టీలు భుజాన్ని అంటిపెట్టుకుని ఉండాలి, భుజానికీ పట్టీకీ మధ్య సందు ఉండకూడదు. ఛాతీ మీద అడ్డంగా వచ్చే చిన్న బెల్టు తప్పక ఉండాలి. పట్టీలు జారకుండా పట్టుకునేది అదే. నడుము బెల్టు మాత్రం ఆరేడు కిలోల బరువుకు లేకపోయినా పర్లేదు. చీర కట్టుకునేవాళ్లకైతే కుచ్చిళ్లతో అది చిరాకే. కావాలనుకుంటే విప్పి తీసేయగలిగే రకం చూసుకోండి.

సర్దడంలో ఒక్క మాట. ల్యాప్‌టాప్, ఫైళ్లు లాంటి బరువైనవి వీపుకు ఆనుకుని ఉండాలి, బట్టలు బయటి వైపుకు రావాలి. బరువు వెనక్కి పోయేకొద్దీ మనల్ని వెనక్కి లాగుతుంది, దాన్ని తట్టుకోవడానికి మనం ముందుకు వంగుతాం, నడుం నొప్పి అక్కడ మొదలవుతుంది. ల్యాప్‌టాప్ పెట్టే లోపలి జేబు బ్యాగు అడుగు దాకా దిగకూడదు. లోపల చెయ్యి పెట్టి చూడండి, రెండు మూడు వేళ్ల ఎత్తున ఆగాలి. లేకపోతే ప్లాట్‌ఫారం మీద బ్యాగు దించిన ప్రతిసారీ దెబ్బ ల్యాప్‌టాప్‌కే.

బట్ట గట్టిదా కాదా అని అందరూ నలిపి చూస్తారు. ఇన్నేళ్లలో నాకు బట్ట చిరిగిన బ్యాగు ఒక్కటీ లేదు. తెగిందల్లా పట్టీ కుట్టు, పోయిందల్లా జిప్పు. కాబట్టి బ్యాగు తిరగేసి, పట్టీ కింది కొస బ్యాగులోకి దిగే చోటు చూడండి. ఒకే వరస కుట్టుంటే వద్దు. చతురస్రం కుట్టి దాని మధ్యలో ఇంటూ గుర్తు వేసినట్టున్న కుట్టు కావాలి, లేదా దగ్గర దగ్గరగా నాలుగైదు వరసలు. పట్టీని రెండు చేతులతో గట్టిగా లాగితే దారాల మధ్య వెలుతురు కనిపించకూడదు. జిప్పును మూలల దగ్గర పదిసార్లు అటూ ఇటూ తిప్పండి, పట్టేసేది ఎప్పుడైనా అక్కడే. వైకేకే (YKK, పేరున్న జిప్పుల కంపెనీ) అని అక్షరాలున్న జిప్పైతే నేను ఇంకో రెండు వందలు ఎక్కువ పెట్టడానికైనా సిద్ధం. జిప్పు పళ్ల మీద నెలకోసారి కొవ్వొత్తి ముక్క రుద్దితే మెత్తగా నడుస్తుంది. రన్నరు వదులైతే బ్యాగు పారేయకండి, బజారులో బ్యాగులు కుట్టేవాళ్లు కొద్ది డబ్బుతోనే మారుస్తారు.

వానకు రెయిన్ కవర్ ఒక్కటే చాలదు. వీపు వైపు దానికి మూత ఉండదు కదా, మెడ మీంచి జారిన నీళ్లు అటునుంచే లోపలికి దిగుతాయి. మందపాటి పెద్ద పాలిథిన్ కవరు ఒకటి ముందు బ్యాగు లోపల పరిచి, అందులో సామాను సర్ది, మూతి మెలిపెట్టి మడవండి. నా లెక్కల పుస్తకాలు ఇప్పుడు దానిలోపల ఇంకో జిప్ కవర్లో ఉంటాయి. చలికాలం కోరాపుట్ వైపు వెళ్లాల్సి వస్తే స్వెట్టరు ఒంటి మీదే వేసుకుని బయల్దేరండి. దాని కోసమని పెద్ద బ్యాగు కొనొద్దు.

ట్రాలీ సంగతి అడిగారు. నడుం నొప్పో, భుజం నొప్పో ఉన్నవాళ్లకు నేను ట్రాలీయే చెప్తాను, అందులో వాదన లేదు. మిగతావాళ్లకు మన దారుల్లో చక్రాలు తిరిగే దూరం తక్కువ, చేత్తో ఎత్తే దూరం ఎక్కువ. స్టేషన్ మెట్లు, కంకర, బస్టాండు బురద... అన్నిచోట్లా ఎత్తుకోవాల్సిందే.

విశాఖ నుంచి ఎప్పుడైనా విమానం ఎక్కాల్సి వచ్చినా ఈ సైజు పనికొస్తుంది. ఇండిగోలో చేతి సామానుకు 55×35×25 సెంటీమీటర్లు, 7 కిలోలు హద్దు. పవర్ బ్యాంకు మాత్రం చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, మీ దగ్గరే ఉంచుకోవాలి.

ఇంకొకటి, లోపలి లైనింగు లేత రంగుది చూసుకోండి. నల్ల లైనింగులో నల్ల ఛార్జరు వెతకాలంటే రాత్రి రైల్లో పక్కవాళ్లను లేపి లైటు వెయ్యాలి. నా బ్యాగుకు బూడిద రంగు లైనింగు, 1,850 రూపాయలకు తీసుకున్నాను, నాలుగో ఏడు నడుస్తోంది. పట్టీ ఒక్కసారి కుట్టించాను, అంతే.

మీ వీపు కొలత ఎంతొచ్చిందో, ల్యాప్‌టాప్ ఎన్ని అంగుళాలో ఇక్కడే రాయండి. మీరు చూసిన వాటిలో రెండు మూడు మోడళ్ల కొలతలు కూడా పెడితే, ఏది సరిపోతుందో చూసి చెప్తాను.