హారన్ స్పీకర్లు సొంతంగా చేసుకోవచ్చు, ఆఖరి పలక మాత్రం అతికించకండి

ఇంట్లో పాటలు వినడానికి హారన్ స్పీకర్లు, అంటే శబ్దాన్ని బాకాలాంటి దారిలోంచి పంపి పెద్దది చేసేవి, సొంతంగా చేసుకోవచ్చా, వాటికి ఎన్ని వాట్ల యాంప్లిఫయర్ కావాలి అని అడిగారు. చేసుకోవచ్చు, నేను చేశాను. వాట్ల గొడవ మాత్రం వదిలేయండి. మామూలు పెట్టె స్పీకరు ఒక వాటుకి, మీటరు దూరంలో 86, 87 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) ఇస్తుంది. మంచి హారన్ 100 దాటుతుంది. పది డెసిబెల్స్ తేడా అంటే పది రెట్ల వాట్లు, ఇక లెక్క మీరే వేసుకోండి. వందల వాట్ల యాంప్లిఫయర్ కొని గొప్పలు చెప్పుకునేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. హారన్‌కి కావాల్సింది బలమైన యాంప్లిఫయర్ కాదు, నిశ్శబ్దంగా ఉండేది. మామూలు స్పీకర్లలో వినబడని యాంప్లిఫయర్ 'సుయ్' శబ్దం హారన్‌లో గది అవతలికి కూడా వినబడుతుంది.

అసలు ఇబ్బంది సైజుతోనే. బాస్ (కింది స్వరాలు) 40 హెర్ట్జ్ దాకా దిగాలంటే బాకా నోరు చుట్టుకొలత ఎనిమిదిన్నర మీటర్లు ఉండాలి. అది పెడితే గదిలో మీకు చోటుండదు. దాన్ని గది మూలకి చేరిస్తే నేల, రెండు గోడలు కలిసి బాకాలో భాగమైపోతాయి, ఎనిమిదో వంతు వైశాల్యం సరిపోతుంది. 1940లలో అమెరికన్ ఇంజినీరు పాల్ క్లిప్ష్ తన స్పీకరులో వాడుకున్న కిటుకు ఇదే. నేను అంత సాహసం చేయలేదు. ఒకే ఫుల్‌రేంజ్ డ్రైవర్ (అన్ని స్వరాలూ తనే పలికే స్పీకరు కోను) పెట్టి, దాని వెనక శబ్దాన్ని మడతలు పెట్టిన దారిలో తిప్పి కింది నుంచి బయటికి వదిలే రకం చేశాను. దారి రెండున్నర మీటర్లు కాబట్టి బాస్ ఏడు మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. అది తమ చెవికి తెలుస్తుందనేవాళ్ళని నేను నమ్మను.

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోసి, లోపలి అడ్డుపలకలన్నీ నిలబెట్టి, ఆఖరి పక్కపలకకి జిగురు రాసి బిగించేశాను. మర్నాడు సాయంత్రం పాట పెడితే గొంతు, వయొలిన్ అద్భుతం. బాస్ గిటారు ఒక స్వరం దగ్గరికి రాగానే 'జర్ర్ర్' అని ఏదో మోత. డ్రైవర్ పాడైందేమోనని రెండోది బిగించాను, అదే మోత. కిటికీ అద్దం అనుకుని దానికి అట్టముక్క దోపాను. ఫోన్‌లో ఒకే స్వరం మోగించే ఆప్ పెట్టి 40 నుంచి మెల్లగా పెంచుకుంటూ పోతే, సరిగ్గా 110 దగ్గర మొదలై 120 దాటగానే ఆగిపోతోంది. రెండు రాత్రులు అదే 'ఊఁ' శబ్దం వినీ వినీ ఇంట్లో అందరికీ తలనొప్పి. చివరికి మా ఆవిడ ఆ పక్కగా పోతూ పెట్టె మీద చెయ్యి ఆనించి, "ఇక్కడ నొక్కితే ఆగుతోందండీ" అంది.

అక్కడ రంపంతో అరచేతి వెడల్పున కోసి, టార్చి వేసి చూశాను. రెండో అడ్డుపలక అంచుకి జానెడు మేర జిగురే అంటలేదు. పలక వదులుగా ఉండి పక్కపలకకి కొట్టుకుంటోంది. జిగురు కూరి, పైన చెక్కముక్కతో మూత పెట్టాను. మోత పోయింది.

అన్నట్టు, ఉచితంగా దొరికే స్పీకరు పెట్టెల ప్లాన్లలో కొన్నింటిలో చెక్క మందం రాయరు. 18కి గీసింది 12తో కోస్తే లోపలి దారి కొలతలన్నీ తప్పుతాయి. గీసినవాడికి తన చెక్క సంగతి తెలుసు, మనకెలా తెలుస్తుంది?

మీరు మొదలుపెడితే పక్కపలకని జిగురుతో కాకుండా రబ్బరు పట్టీ వేసి మరలతో బిగించండి. రెండో పెట్టెకి నేను అలాగే చేశాను. ఇరవై నాలుగు మరలు. ఇంతవరకూ ఒక్కటి కూడా విప్పాల్సిన పని పడలేదు.