అబార్షన్ మందుల లేబుల్ మీద డాక్టర్ పేరు లేకపోతే పేషెంట్‌కి నష్టమా?

మీరు అడిగింది ఇదీ: మీ అక్క న్యూయార్క్‌లో ఫ్యామిలీ డాక్టర్, అబార్షన్ మాత్రలు కూడా రాస్తారు. మందు మీద తన పేరు బదులు క్లినిక్ పేరు వేయించుకోవచ్చని విన్నారు. అది నిజమేనా, పేషెంట్ దగ్గర దాచినట్టు కాదా, దాంతో అక్కకి ఇక భయం లేనట్టేనా అని. నేను ఇదే రాష్ట్రంలో ఫార్మసిస్టుని. ఈ మందులు నా కౌంటర్ మీదుగానే వెళ్తాయి కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

నిజమే. 2025 ఫిబ్రవరి 3న గవర్నర్ క్యాథీ హోకుల్ సంతకం చేసిన చట్టం ప్రకారం, అబార్షన్‌కి వాడే మాత్రలు మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ రాసేవాళ్ళు కోరితే లేబుల్ మీద వాళ్ళ పేరు కాకుండా వాళ్ళ ప్రాక్టీస్, అంటే క్లినిక్, పేరు వేయాలి. కోరితేనే. అడగకపోతే ఎప్పటిలాగే పేరు పడుతుంది. చాలామంది డాక్టర్లు ఇక్కడే పొరపడుతున్నారు, చట్టం వచ్చేసింది కదా అని ఊరుకుంటున్నారు.

ఈ చట్టం ఎందుకంత హడావుడిగా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. అంతకు కొద్ది రోజుల ముందే, జనవరి 31న, అబార్షన్ మీద నిషేధం ఉన్న లూసియానాలో ఒక గ్రాండ్ జ్యూరీ (అభియోగం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) న్యూయార్క్ డాక్టర్ మార్గరెట్ కార్పెంటర్ మీద క్రిమినల్ అభియోగం మోపింది. అక్కడి ఒక తల్లికి మాత్రలు పంపారని, ఆమె వాటిని మైనర్ కూతురికి ఇచ్చిందని కేసు. డాక్టర్ పేరు అక్కడి అధికారులకు తెలిసింది మందు లేబుల్ మీద నుంచేనని హోకుల్ చెప్పారు. లూసియానా ఆమెను అప్పగించమని అడిగితే న్యూయార్క్ కుదరదంది. ఫిబ్రవరిలోనే, అలాంటి నిషేధమే ఉన్న టెక్సాస్‌లో ఒక సివిల్ కోర్టు ఆమెకే లక్ష డాలర్లకు పైగా జరిమానా వేసింది.

అప్పగించకపోయినా కేసు పోదు. మన కుటుంబాల వైపు నుంచి చూడండి. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో చుట్టాలు లేని తెలుగు ఇల్లు అమెరికాలో ఎక్కడైనా ఉందా? అలాంటి కేసు నెత్తిన ఉంటే బావమరిది పెళ్ళికి వెళ్ళాలన్నా, ఆ ఊరి మీదుగా ఇండియా ఫ్లైట్ ఎక్కాలన్నా ముందు లాయర్‌ని అడగాలి. వీసా మీద ఉన్న డాక్టర్‌కైతే ఇంకా టెన్షన్. కాబట్టి మీ ఇంట్లో భయం అనవసరమైనదని నేను అనను.

ఇక పేషెంట్ దగ్గర దాచడం సంగతి. మన దగ్గర మందుల షాపులో స్ట్రిప్ కత్తిరించి కవర్లో వేసిస్తారు, డాక్టర్ పేరు చీటీ మీద ఉంటుంది తప్ప మందు మీద ఉండదు. దాన్ని మోసమని ఎవరూ అనుకోలేదు. ఇక్కడ కూడా పేషెంట్‌కి తను ఏ డాక్టర్‌తో మాట్లాడిందో తెలుసు. ఆమె చార్టులో ఉంటుంది, మా దగ్గర ప్రిస్క్రిప్షన్‌లో ఉంటుంది, ఆ రికార్డు ఈ రాష్ట్రంలో అయిదేళ్ళు దాచాలి. లేబుల్ మీద పోయేది ఒక్క పేరే.

అసలు ఆ లేబుల్‌లో పేషెంట్ చూసేదేమిటి? మిసోప్రోస్టాల్ అయితే 200 మైక్రోగ్రాముల మాత్రలు నాలుగు, చెంపకీ చిగురుకీ మధ్య అరగంట ఉంచుకుని మిగిలింది నీళ్ళతో మింగాలి, మిఫెప్రిస్టోన్ వేసుకున్న 24 నుంచి 48 గంటల్లోపు. ఆమె మళ్ళీ మళ్ళీ చదివేది ఆ లైన్లే. వరుసగా రెండు గంటలు, గంటకి రెండు పెద్ద ప్యాడ్లు తడిసిపోతుంటే అర్ధరాత్రి ఫోన్ చేయాల్సింది క్లినిక్ ఆన్-కాల్ నంబర్‌కి. ఆ సమయంలో ఒక డాక్టర్ సొంత పేరు కన్నా క్లినిక్ పేరు, నంబరే పనికొస్తాయి. ఎమర్జెన్సీకి వెళ్ళినా చికిత్స దానంతట అది గర్భం పోయినప్పుడు చేసేదే. మందు ఎవరు రాశారన్నదాన్ని బట్టి అది మారదు.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇప్పుడు. లేబుల్ ఒక్కటే కాగితం కాదు. మా ఫార్మసీలో ఒక క్లినిక్ నుంచి ఇలాంటి కోరిక వచ్చినప్పుడు, ఇచ్చే ముందు ఒక ఉత్తుత్తి పేరుతో మొత్తం సెట్ ప్రింట్ తీసి చూశాం. సీసా లేబుల్ మీద క్లినిక్ పేరు చక్కగా పడింది. కవర్‌కి పిన్ చేసే రసీదు మీద మాత్రం డాక్టర్ పేరు పెద్ద అక్షరాల్లో అలాగే ఉంది. మందుతో ఇచ్చే సమాచార పత్రం పైన కూడా ఉంది. మా టెక్నీషియన్ అమ్మాయి ఫార్మసీ యాప్ తెరిస్తే అందులోనూ కనిపించింది. సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరు డాక్టర్ ఎన్‌పీఐ నంబర్‌తో (ప్రతి డాక్టర్‌కీ ఉండే జాతీయ గుర్తింపు సంఖ్య) ముడిపడి ఉంటుంది, ఒక చోట మార్చితే మిగతా చోట్ల మారదు. ఒక్కొక్కటీ విడిగా సరిచేయించాం. ఆ కవర్ ఇంట్లో టేబుల్ మీదే ఉండొచ్చు, ఎవరైనా ఫోటో తీయొచ్చు.

మీ అక్క తన పేషెంట్ల ఇన్సూరెన్స్ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. క్లెయిమ్ వెళ్తే వచ్చే వివరాల పత్రంలో డాక్టర్ పేరు ఉండొచ్చు, అది చాలాసార్లు పాలసీ ఎవరి పేరు మీద ఉందో ఆ భర్తకో తండ్రికో చేరుతుంది. దీన్ని లేబుల్ చట్టం ఆపలేదు.

పూర్తి రక్షణ అని నేను చెప్పలేను. ఫార్మసీ దగ్గర మిఫెప్రిస్టోన్ ఇవ్వాలంటే డాక్టర్ సంతకం చేసిన ఒప్పంద పత్రం ఉండాలి, అది అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన. అంటే పేరు ఫైల్లో ఉంటుంది. ఆ ఫైలుని బయటి రాష్ట్రం లాక్కోకుండా ఆపడం, ఇలాంటి కేసుల నుంచి డాక్టర్లని కాపాడటానికి చేసిన న్యూయార్క్ షీల్డ్ చట్టాల పని. పైగా టెక్సాస్‌లో హెచ్‌బీ 7 చట్టం 2025 డిసెంబర్ 4 నుంచి అమల్లోకి వచ్చింది, మాత్రలు పంపినవాళ్ళ మీద మామూలు మనుషులు కూడా కనీసం లక్ష డాలర్లకు దావా వేయొచ్చు. ఇటువైపు మసాచుసెట్స్ 2025 ఆగస్టులో న్యూయార్క్ లాంటి ఏర్పాటే చేసింది. కాలిఫోర్నియా ఇంకా ముందుకెళ్ళి లేబుల్ మీద పేషెంట్, ఫార్మసీ పేర్లు కూడా లేకుండా ఇవ్వడానికి వీలు కల్పించింది.

మీ అక్కని ముందు తను మందులు పంపే ప్రతి ఫార్మసీకీ కోరికని రాతపూర్వకంగా పంపమనండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దనండి. లేబుల్‌తో పాటు రసీదు, సమాచార పత్రం, యాప్ మూడింటి గురించీ పేరు పెట్టి అడగమనండి. మెయిల్ ఆర్డర్ ఫార్మసీ అయితే మొదటి పార్సెల్ వెళ్ళకముందే ఒక నమూనా ప్రింట్ పంపమని అడగమనండి.